పది నిమిషాల ముఖం

“గుడ్ మార్నింగ్, హేమశ్రీ” అంది గోడమీది మెషీన్.

సత్యశ్రీ ఒక అడుగు వెనక్కి వేసింది. వరసగా ఇది తొమ్మిదో రోజు. అటెండెన్స్ కోసం ముఖం చూపించింది తను. తెర మీద నవ్వుతున్నది మాత్రం వేరే అమ్మాయి. వంపు తిరిగిన కనుబొమలు, పక్కపాపిడి, మెరూన్ బొట్టు. ఆ హేమశ్రీ మార్చి నెలలో ఎదుర్లంక వంతెన మీద స్కూటీ ప్రమాదంలో పోయిందని సత్యశ్రీ బయట వింది. ఆమె కుర్చీలోనే ఇప్పుడు సత్యశ్రీ కూర్చుంటోంది.

“మెషీన్ మాటకి భయపడతావేంటమ్మా? పద, పని చూసుకో” అంది ఆయా కామేశ్వరి, మెషీన్ అద్దం తుడుస్తూ. రోజూ తొమ్మిదింటికి ఆమె ఆ అద్దం తుడవాల్సిందే.

యానాం మెట్టకూరులో రొయ్యల మేత అమ్మే కంపెనీ ఆఫీసు అది. సత్యశ్రీది ముమ్మిడివరం. ఇంట్లో పోట్లాడి మరీ ఉద్యోగంలో చేరి, ఫరంపేటలో గది తీసుకుంది. చేరిన వారానికే మేనేజర్ శ్రీనివాసరావు, “ఫ్రంటాఫీసులో కూర్చునే మనిషి కాస్త కళగా ఉండాలమ్మా” అన్నాడు. పౌడరు తప్ప మరొకటి ఎరగని పిల్ల బిక్కమొహం వేసింది. ఆదుకున్నది కామేశ్వరే. రోజూ ఎనిమిదిన్నరకి భోజనాల గదిలో కూర్చోబెట్టి తయారు చేసేది.

“క్రీము రాశాక రెండు నిమిషాలు ఆగాల. ఆగకుండా పౌడరేస్తే పదింటికల్లా చారలు కట్టేద్ది. మన యానాం ఉక్కకి ముక్కు మీదా నుదుటి మీదా చాలు, బుగ్గలకొద్దు. లిప్‌స్టిక్ వేలితో అద్దాల. అప్పుడు టీ తాగినా కప్పుకంటదు. మొత్తం పది నిమిషాల పని.”

కనుబొమల దగ్గర మాత్రం పది నిమిషాలు ఆవిడకే చాలేవి కావు. పెన్సిలుతో గీసి, దూరం జరిగి చూసి, మళ్ళీ గీసేది. పాపిడి నడిమికి తీస్తే ఒప్పుకునేది కాదు.

ఆవిడ జిప్పు సంచిలోని లిప్‌స్టిక్ ఒక పక్కకే అరిగిపోయి ఉండేది.

“మీరెప్పుడూ వేసుకోరు కదా పిన్నీ, ఇవన్నీ ఎక్కడివి?”

“ఇంట్లో ఉన్నయ్యేలే. కదలకు, కాటుక చెరుగుద్ది.”

“మీరిక్కడ చాలా ఏళ్ళుగా ఉన్నారా?”

“లేదమ్మా. ఏప్రిల్లో చేరాను. నేనూ కొత్తదాన్నే.”

బుధవారం మేనేజర్ లోపలికి పిలిచాడు. “హెడ్డాఫీసు లెక్కలో నువ్వు మొదటి వారం వచ్చి మానేశావు. నేనెంత చెప్పినా వాళ్ళకి మెషీన్ మాటే మాట. శుక్రవారంలోగా నీ పేరున హాజరు పడకపోతే వేరే మనిషిని తీసుకోమన్నారు.”

ఉద్యోగం పోతే ముమ్మిడివరం వెళ్ళాలి. వెళ్తే నాన్న మళ్ళీ గడప దాటనివ్వడు.

“సార్, ఆ హేమశ్రీ ఎలాంటి మనిషి?”

మేనేజర్ వరండా వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించాడు. “ఆ పేరు ఇక్కడెవరూ ఎత్తరు. నువ్వూ ఎత్తకు.”

ఆ సాయంత్రం గదిలో అద్దం ముందు నిలబడితే సత్యశ్రీకి తన ముఖమే కొత్తగా కనిపించింది. ఆ కనుబొమలు తనవి కావు. పోయిన మనిషి కుర్చీలోంచి లేచి తన ముఖంలో కూర్చుందనిపించింది. లైటు తీయకుండానే పడుకుంది.

గురువారం మెషీన్ బాగుచేసే గణేష్ వచ్చాడు. తెర మీది ఫోటోనీ సత్యశ్రీనీ మార్చి మార్చి చూశాడు.

“మొదటి వారం మీ పేరే పలికింది కదండీ? తర్వాత ఏం మారింది?”

“ఏం లేదండీ. మేకప్ వేసుకుంటున్నాను.”

“అదేనండి. చవక మెషీను, కనుబొమలూ కళ్ళూ చూసి మోసపోతోంది. రేపు ఏమీ రాసుకోకుండా రండి.”

టీ తెచ్చిన కామేశ్వరి చేతిలో కప్పు సాసరులోకి ఒలికింది. “ఫ్రంటాఫీసులో బోసిమొహంతో ఎలా కూచుంటదయ్యా?” అంది.

“ముందు ఉద్యోగం ఉండాలి కదండీ” అన్నాడు గణేష్.

దెయ్యం కాదు, పెన్సిలు గీత. సత్యశ్రీ తనలో తనే నవ్వుకుంది. అయినా ఆ రాత్రి కూడా లైటు తీయలేదు.

శుక్రవారం ముఖం కడుక్కుని, నడిమిపాపిడి తీసుకుని వచ్చింది. మెషీన్ ముందు నిలబడింది.

“మళ్ళీ ప్రయత్నించండి” అంది మెషీన్.

రెండోసారీ అదే మాట. మెషీన్ పక్కన గుడ్డ పట్టుకుని నిలబడ్డ కామేశ్వరి ఆ ముఖంలోకే చూస్తోంది. చాలాసేపు చూసింది. అవతల మేనేజర్ గడియారం చూసుకుంటున్నాడు.

“కనుబొమ కింద నిన్నటి పెన్సిలు మిగిలిందమ్మా. ఉండు” అంది చివరికి. చీరకొంగు తడిపి ఒక కనుబొమా, ఆ తర్వాత రెండోదీ మెల్లగా తుడిచింది. పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడిచింది.

“గుడ్ మార్నింగ్, సత్యశ్రీ” అంది మెషీన్.

సత్యశ్రీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గిరుక్కున తిరిగి కామేశ్వరి చేతులు పట్టుకుంది.

“విన్నారా పిన్నీ? నా పేరు పలికింది.”

“విన్నానమ్మా. నీ ఉద్యోగం నీకుంటది.” కామేశ్వరి స్టూలు మీద కూర్చుంది. తెర మీద నడిమిపాపిడి ఫోటో ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. ఆవిడ జిప్పు సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఇంకెప్పుడూ ఆ పేరు పలకదులెండి” అంది సత్యశ్రీ.

“మా అమ్మాయిని రోజూ పేరెట్టి పిలిచేది అదొక్కటేనమ్మా.”