కళ్ళు మూసుకోని పిల్ల

గరివిడి బేస్‌బాల్ జట్టు అమ్మాయి మూడో బేస్ నుంచి దూసుకొచ్చి నీలవేణి ఛాతీ మీద భుజంతో గుద్దింది. ఇద్దరూ దుమ్ములో పడ్డారు. నీలవేణి ముఖానికున్న మాస్కు ఊడి అల్లంత దూరాన దొర్లింది. పెదవి చిట్లి గడ్డం మీదుగా రక్తం కారుతోంది. గ్లవ్‌లో బంతి మాత్రం అలాగే ఉంది.

"అవుట్!" అన్నాడు అంపైరు.

ఆటల టీచరు సుహాసిని పరుగెత్తుకెళ్ళి లేవదీసింది. "నొప్పిగా ఉందా?"

నీలవేణి ఉమ్మింది. ఉమ్మంతా ఎరుపే. అయినా నవ్వింది.

"ఇదేటి నొప్పి మేడమ్!"

ఆ అవుట్‌తోనే భోగాపురం దగ్గరి ఆ సముద్రపొడ్డు బడి జిల్లా కప్పు గెలిచింది.

రెండేళ్ళ కిందట ఆ బడిలో బేస్‌బాల్ అంటే ఏమిటో ఎవరికీ తెలీదు. సుహాసిని విశాఖ వెళ్ళి ఒక బంతి తెచ్చింది. రాయిలాంటి బంతి. బ్యాట్ పట్టుకున్న పిల్ల వెనక కూర్చుని దాన్ని ఎవరు పట్టుకుంటారని అడిగితే అందరూ తలలు దించుకున్నారు. ఎనిమిదో తరగతి నీలవేణి ఒక్కతే లేచింది. బంతి మీదికొస్తుంటే మిగతా పిల్లలు కళ్ళు మూసుకునేవారు. ఆమె రెప్ప వేసేది కాదు.

"భయం లేదే నీకు?"

"కళ్ళు మూసుకుంటే ఎక్కడ తగుల్తాదో తెల్దు కదా మేడమ్."

ఆట అయ్యాక బంతిని చున్నీతో తుడిచి, టీచరు చేతికిచ్చి ఇంటికెళ్ళేది.

మండలం దాటింది. జిల్లా దాటింది. దెబ్బలూ పెరిగాయి. ఒక సోమవారం కన్ను వాచి మూసుకుపోయింది. ఇంకోసారి చిటికెన వేలు విరిగింది. రాష్ట్ర జట్టు ఎంపికలకు నాలుగు రోజుల ముందు పక్కటెముక విరిగింది. అడిగితే, "బంతి తగిలినాది" అనేది. వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌కి ఇవి మామూలేనన్నారు తోటి టీచర్లు. సుహాసినీ అదే అనుకుంది.

కట్టుతోనే ఆడి నీలవేణి రాష్ట్ర జట్టులోకి వెళ్ళింది. పదో తరగతి పరీక్షలు కాగానే జాతీయ జట్టు శిబిరం నుంచి పిలుపొచ్చింది. మూడు నెలలు అక్కడే ఉండాలి. సోమవారం విజయనగరంలో రైలు. ఇంట్లో పెద్దల సంతకం కావాలి.

వల కుట్టుకుంటున్న తండ్రి గంగులు, సుహాసిని ఇంటికి తెచ్చిన కాగితం వైపు చూడలేదు.

"నా కూతురు ఒంటి మీద దెబ్బ లేని సోటు లేదు మేడమ్. మీ ఆట దాన్ని సంపీసేలాగుంది. నానంపను."

పక్కనే చేపల తట్ట కడుగుతున్న తల్లి అసిరమ్మ తల ఎత్తలేదు.

నీలవేణి రోడ్డు దాకా సాగనంపడానికి వచ్చింది. గొంతు తగ్గించి అంది. "అమ్మ సేత ఏలిముద్ర ఏయిస్తాను మేడమ్. నానెల్తాను."

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

సుహాసిని ఆస్పత్రికి చేరేసరికి నీలవేణి మీద దుప్పటి కప్పుతున్నారు. ఎడమ కణత లోపలికి నొక్కుకుపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఇసకలో పేక్టీసు సేత్తంటే ఆ బేస్‌బాలు తగిలీసినాది బాబూ," తల బాదుకుంటూ గంగులు హెడ్ కానిస్టేబుల్ నరసింగరావుకు చెబుతున్నాడు. టీచరును చూడగానే మీదికొచ్చాడు. "సూడండి మేడమ్! వద్దన్నాను, ఇన్నారా? మీ ఆటే నా కూతుర్ని సంపీసినాది!"

సుహాసిని గోడకు ఆనుకుంది. ఆ పిల్లను తనే చంపానని నమ్మింది.

నరసింగరావు రాసుకుంటున్నాడు. "ఆ బంతి ఎక్కడుంది?"

"సముద్రంలోకి ఎల్లిపోనాది బాబూ."

సుహాసిని హ్యాండ్‌బ్యాగు తెరిచి, శనివారం సాయంత్రం నీలవేణి చున్నీతో తుడిచి ఇచ్చిన బంతిని, ఆ ఊరంతటికీ ఉన్న ఒకే ఒక్క బేస్‌బాల్ బంతిని తీసి, ఆయన రాస్తున్న కాగితం మీద పెట్టింది.