పాస్‌వర్డ్ వద్దన్న మనిషి

లాప్‌టాప్ మూత తెరవగానే అక్క ముక్కు మూసుకుంది.

ఆ వీధిలో రిపేరు షాపు నడిపే ఆమెను చిన్నా పెద్దా అందరూ లాప్‌టాప్ అక్క అనే పిలుస్తారు. కాఫీ తాగిన మెషిన్లను చూసింది. బొద్దింకలు కాపురం పెట్టిన మెషిన్లనూ చూసింది. ఇలాంటిది మాత్రం ఎన్నడూ చూడలేదు. మీటల సందుల్లో ఎండిపోయిన తిండి తునకలు. వాటి మీద అట్టకట్టిన ఎంగిలి జిగురు. పులిసిన వాసన.

"ఎవరు వాడతారండీ దీన్ని?" అని అడిగింది, గుడ్డ అందుకుంటూ.

"మా ఆవిడండీ," అన్నాడు తెచ్చినాయన. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. తను మాత్రం కడిగిన ముత్యంలా ఉన్నాడు.

విషయం చెప్పాడు. మెషిన్ని నిద్రలేపే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అవుతూ సగంలో ఆగిపోయిందట. అప్పట్నుంచి ఎప్పుడు ఆన్ చేసినా నల్ల తెర దగ్గరే నిలబడి, రెండు మీటలు కలిపి నొక్కమంటోందట. నొక్కితే మామూలుగానే నడుస్తోందట.

నొక్కితే పోయేదానికి ఇంతదూరం మోసుకురావాలా, ఆ మహాతల్లికి రెండు వేళ్ళు కదపడానికి కూడా బద్ధకమా అనుకుంది అక్క.

అంతటితో అయిపోలేదు. పాస్‌వర్డ్ తీసేయాలన్నాడు. కరెంటు పోయి వస్తే ఎవరూ ముట్టుకోకుండానే మెషిన్ తనంతట తాను లేవాలన్నాడు. లేవగానే కెమెరా, మైకు తెరుచుకోవాలి. తాను ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో చూసుకునేలా ఉండాలి. చివర్లో గొంతు తగ్గించి, కెమెరా పక్కన వెలిగే చిన్న దీపాన్ని ఆర్పేసే వీలుందా అని అడిగాడు.

అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఇవన్నీ మీ ఆవిడకి తెలుసా?"

ఆయన ఏదో చెప్పబోయాడు. తమ వంతు కోసం బల్ల మీద కూర్చున్న మరో ఇద్దరు చెవులు రిక్కించడం చూసి ఆగాడు.

"తనకి అలా అయితేనే వీలండీ," అని నేలచూపులు చూశాడు. సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని వెళ్ళిపోయాడు.

మీటల మీది ఎంగిలిని గుడ్డతో తుడవొచ్చు. ఆ మాటల్ని దేనితో తుడవాలి? పెళ్ళాన్ని పంజరంలో పెట్టడం చాలక, పంజరానికి కన్ను కూడా పెట్టమంటున్నాడు. అదీ దొంగకన్ను. పైకేమో నంగనాచి మర్యాదలు. ఆయన అందించిన మెషిన్ని పట్టుకున్నందుకు సబ్బు పెట్టి రెండుసార్లు చేతులు కడుక్కుంది. అయినా కంపరం పోలేదు.

పని మాత్రం పనే. చార్జరు తగిలించి, పెన్‌డ్రైవ్‌లోంచి ఫర్మ్‌వేర్ మళ్ళీ మొదటినుంచి ఎక్కించింది. నల్ల తెర గొడవ వదిలింది. ఆ తర్వాత స్టార్టప్ సెట్టింగుల్లోకి వెళ్ళింది. ఆయన అడిగినవి ఒక్కటీ చేయలేదు. పైపెచ్చు కెమెరాను అక్కడే పూర్తిగా ఆపేసింది. పాత పాస్‌వర్డ్ తీసేసి, ఆయన ఊహకు కూడా అందని కొత్తది పెట్టింది.

ఆయన ఆఫీసులో ఉండే వేళ చూసుకుని, షట్టరు దించి, రసీదు మీది అడ్రసు పట్టుకుని బయల్దేరింది.

మూడో అంతస్తు. బెల్లు కొట్టింది.

"తలుపు వేసి లేదు, తోసుకుని రండి," అంది లోపల్నుంచి ఒక ఆడగొంతు.

ముందుగదిలో ఎవరూ లేరు. లోపలి గదికి కర్టెన్ వేసి ఉంది. ఇక్కడా అదే పులిసిన వాసన. వచ్చిందెవరో చూడటానికైనా లేవలేదు, మొగుడికి తగ్గ పెళ్ళామే అని అక్కకు మళ్ళీ ఒళ్ళు మండింది. అయినా సాటి ఆడది కదా అని మనసు కుదుటపరచుకుంది. ఇలాంటి సంగతి మొహం చూస్తూ చెప్పడం కష్టం. కర్టెన్‌కి ఇవతలే నిలబడి, తానెవరో చెప్పి, ఆయన ఏమేం చేయమన్నాడో ఒక్కొక్కటీ పూసగుచ్చినట్టు చెప్పింది. దీపం సంగతి కూడా దాచలేదు.

"అవేవీ నేను చేయలేదమ్మా. కొత్త పాస్‌వర్డ్ మీ ఒక్కరికే చెప్తాను. అలాంటి మనిషితో ఎలా వేగుతున్నారు తల్లీ?"



"అవన్నీ పెట్టించుకు రమ్మని పంపింది నేనేనండీ," అంది ఆ గొంతు నెమ్మదిగా, "నా తల దిండు మీంచి జారితే ఆయన ఆఫీసులోంచి చూసి పక్కింటివాళ్ళని పంపాలి కదా, ఆ దీపమేమో రాత్రంతా కళ్ళల్లోనే కొడుతుంది, నోట్లో పుల్ల పట్టుకుని ఒక్కో మీటే నొక్కగలను, మెడ కింద నాకేదీ కదలదు."