ఆ స్తంభం దాకా

రైల్వే మైదానం చుట్టూ పది రౌండ్లు పరిగెడతానని ఒట్టేసుకుని బయల్దేరిన తిరుమలరావు, ఒక్క రౌండైనా పూర్తికాకుండానే రొప్పుతూ సిమెంటు బెంచీ మీద కూలబడ్డాడు.

పక్కన కూర్చున్న ముసలాయన మంచినీళ్ల సీసా అందించాడు.

"అచ్ఛా, ఎన్ని రౌండ్లు అనుకున్నావు బాబూ?"

తిరుమలరావు సిగ్గుపడుతూనే చెప్పాడు. ముసలాయన నవ్వలేదు.

ఇలాంటి ఒట్లు తిరుమలరావుకు కొత్త కాదు. అన్నం మానేస్తాననేవాడు, మందు ముట్టననేవాడు. సాయంత్రానికల్లా అన్నీ గాలికి పోయేవి.

అతను లోకో పైలట్. కిందటి వానాకాలం, కర్గీ రోడ్ స్టేషన్ దాటాక ఓ మనిషి పట్టాల మీదికి వచ్చేశాడు. బ్రేకు వేసినా బండి ఆగలేదు.

తప్పు తిరుమలరావుది కాదని విచారణలో తేలింది. కానీ అప్పట్నుంచీ నిద్ర దూరమైంది, తాగుడు దగ్గరైంది, దాని వెనకే షుగరూ వచ్చింది. డాక్టరు అన్‌ఫిట్ అని రాస్తే, బండి దింపి షెడ్డులో కూర్చోబెట్టారు.

"రేపు అదిగో, ఆ స్తంభం దాకా నడుద్దుం. అంతే," అన్నాడు ముసలాయన.

"అంతమాత్రానికి ఏటవుతాది బాబాయ్?"

"ఎల్లుండి కూడా రాబుద్దవుతాది."

వెళ్లకూడదనే అనుకున్నాడు తిరుమలరావు. తెల్లారాక, పాపం ఎదురుచూస్తుంటాడేమోనని వెళ్లాడు.

స్తంభం రాగానే ముసలాయన ఆగిపోయాడు. ఇంకాస్త నడుస్తానన్నా ఒప్పుకోలేదు.

కొన్నాళ్లకు దాని తర్వాతి స్తంభం. ఆపైన చాయ్‌లో చక్కెర సగం. తాగుడు మానెయ్యమని ఏనాడూ అనలేదు. ఈ ఒక్కపూటకి ఆగు, రేపటి సంగతి రేపు చూద్దుం అనేవాడు.

ఆయన కాలీడ్చుకుంటూ నడుస్తుంటే, మోకాళ్ల నొప్పికే ఈ నడక అనుకున్నాడు తిరుమలరావు. పేరు అమ్మన్న అనీ, ఉండేది ఊరి చివర మోప్కాలో అనీ తప్ప ఇంకేమీ అడగలేదు.

తన గోడు మాత్రం ఓ పొద్దున చెప్పుకుని ఏడ్చాడు.

అమ్మన్న నీళ్ల సీసా అందించి, తాగేదాకా ఆగాడు. తర్వాత అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పద బాబూ. స్తంభం ఇంకా రాలేదు."

చలికాలం వెళ్లేసరికి డాక్టరు ఫిట్ అన్నాడు. మళ్లీ డ్యూటీ, మళ్లీ వేళాపాళా లేని బతుకు. మైదానం వైపు వెళ్లడం కుదరలేదు.

మళ్లీ తొలిసారి కర్గీ రోడ్ దాటించి బండి తెచ్చిన రోజున, ఆ మాట ముందు అమ్మన్నకే చెప్పాలనిపించింది. మిఠాయి కొనుక్కుని మోప్కా వెళ్లి, వాకబు చేసి ఇల్లు పట్టుకున్నాడు.

అమ్మన్న కోడలు చిన్నతల్లి గుమ్మంలోకి వచ్చింది. తిరుమలరావు తన పేరు చెప్పగానే అతన్ని తేరిపార చూసింది.

మావయ్య పోయి నెల దాటిందని చెప్పింది. మోకాళ్లు అరిగిపోయాయి, నడవద్దని డాక్టరు ఎంత మొత్తుకున్నా, పొద్దున్నే ఆటో ఎక్కి మైదానానికి వెళ్లేవాడంది.

తిరుమలరావు చేతిలోని పొట్లం బరువెక్కింది.

"అంత బాధ పడుతూ ఎందుకొచ్చీవోరమ్మా?"

చిన్నతల్లి బోసి మెడ మీదికి కొంగు లాక్కుంది. గొంతులో కోపం లేదు.

"'నా కొడుకు ఎలాగూ ఆ బండి కింద పోనాడు, ఆడితోపాటు ఆ డ్రైవరు బాబు కూడా పోకూడదు' అనీవోడు."