అమ్మను చూసొస్తా, అన్నా!

“అన్నా, వచ్చే ఊళ్ళో మా అమ్మ ఉంటుంది. ముందెళ్ళి ఒక్క ముద్దు పెట్టి వస్తాను,” అన్నాడు ఎలోయ్, సైకిలును గోర్కా పక్కకు తెచ్చి.

గోర్కా తల తిప్పి చూశాడు. స్పెయిన్ పందేల్లో అన్ని జట్లూ కలిసి సాగే సైకిళ్ళ గుంపుకు రాజ్యాంగమంటూ ఏమీ లేదు. గోర్కా ఉన్నాడు, అంతే. ఎవడు ముందుకు ఉరకాలో, ఎవడు నోరు మూసుకుని వెనకాల రావాలో ఆయన కనుబొమ్మలే చెబుతాయి.

“మీ అమ్మది వాల్దెసెరోనా? ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేం?”

“ఎప్పుడైనా అడిగావా?”

నిజమే, ఎవరూ అడగలేదు. ఎలోయ్ బర్రియెంతోస్ ఏళ్ళ తరబడి తన జట్టు నాయకుడికి నీళ్ళ సీసాలు మోశాడు. నాయకుడికి ఎదురుగాలి తగలకుండా అడ్డం నిలిచాడు. నాయకుడి చక్రం పంక్చరైతే తన చక్రం ఊడదీసిచ్చి, రోడ్డు పక్కన దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. టీవీలో ఎప్పుడైనా కనిపించాడంటే, అది ఇంకెవరి వెనకాలో ఒక మోచేయి మాత్రమే. ఒక్క పందెమూ గెలవలేదు. వచ్చే ఏడాదికి నీకు కాంట్రాక్టు లేదు పొమ్మన్నాడు జట్టు యజమాని. “ఒక్క గెలుపు చూపించు, అప్పుడు మాట్లాడదాం,” అని ఓ మాట కూడా విసిరాడు. రోజుకో గెలుపుతో రోజుల తరబడి సాగే ఈ పందెంలో రేపటి నుంచి అన్నీ కొండలు. కొండెక్కమంటే ఎలోయ్‌కు ప్రాణం మీదికొస్తుంది. గెలిస్తే ఇవాళే గెలవాలి. లేదంటే బావమరిది టైర్ల కొట్టులో పంక్చర్లు వేసుకోవాలి, అదీ వాడి నీతులు వింటూ.

“సొంతవాళ్ళ ఊరొస్తే ముందెళ్ళనిచ్చే పద్ధతి తెలుసుగా?” అన్నాడు గోర్కా. “వెళ్ళు, ముద్దులు పెట్టు, ఏడుస్తావో నవ్వుతావో నీ ఇష్టం. మేమొచ్చేదాకా మాత్రం అక్కడే ఉండు. ఈ వంకతో చెక్కేశావో, తోలు వలిచేస్తా.”

“అమ్మ తోడు, అన్నా!”

“ఒరేయ్, మా తరఫున కూడా ఓ ముద్దు పెట్టు!” అని వెనక నుంచి ఎవడో అరిచాడు. గుంపంతా గొల్లుమంది.

ఇంతలో చెవిలో రేడియో గరగరలాడింది. వెనక కారులో వస్తున్న జట్టు మేనేజరు.

“ఎలోయ్, మీది సముద్రం ఒడ్డున ఏదో ఊరు కదూ?”

“పుట్టింది అక్కడ సార్. అమ్మ ఇక్కడుంటోంది.”

“సరే సరే. వచ్చేటప్పుడు సీసాలు మర్చిపోకు.”

ఎలోయ్ పళ్ళు కొరుక్కుని తొక్కాడు. వాల్దెసెరో చర్చి ముందు, గోడ నీడలో ఊరంతా కుర్చీలు వేసుకుని కూర్చుంది. కెమెరా మోటారు సైకిలు అతని వెంటే వచ్చింది. ఆవిడ ఏమంటుందోనని ఆలోచిస్తూనే కుర్చీల వరసలు వెతికాడు. అదుగో, ముందు వరసలో కనబడింది. పూల ఏప్రను, ఒళ్ళో విసనకర్ర, చేతిలో సగం తిన్న సాసేజీ రొట్టె.

“అమ్మా!”

సైకిలు అక్కడే పడేసి వాటేసుకున్నాడు. కుర్చీ వెనక్కి ఒరిగింది. పక్క కుర్చీ ఆవిడ నోరు తెరుచుకుని ఉండిపోయింది. ముసలావిడ కూడా ఒక్క క్షణం కొయ్యబారిపోయి, ఆ తర్వాత ఏప్రను అంచుతో అతని మొహం తుడిచింది.

“ఇదేం అవతారం రా! ఒంట్లో ఎముకలు తప్ప ఏమన్నా ఉందా? తిండి పెట్టట్లేదా వీళ్ళు?”

అంటూనే చేతిలో రొట్టె అతని నోట్లో కుక్కింది. జట్టు డాక్టరు తూకం వేసి పెట్టే ఉప్పులేని అన్నం తిని తిని నాలుక చచ్చిపోయిన మనిషి. ఆ కారం, ఆ కొవ్వు తగలగానే ఎలోయ్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో అతనికే తెలియలేదు. కెమెరావాడు కూడా ముక్కు ఎగబీల్చాడు.

వెనక హారన్లు వినబడుతున్నాయి. ఎలోయ్ సైకిలెక్కి, ఒక కాలు నేల మీదే ఉంచి నిలబడ్డాడు. అమ్మ మీద వేసిన ఒట్టు గుర్తొచ్చి వెనక్కి చూశాడు.

“ఆ వచ్చేవాళ్ళతోనేనా నీ పందెం?” అంది ముసలావిడ.

“ఔను.”

“మరి ఇక్కడ నిలబడి ఏం పీకుతున్నావ్? పో!” అని వీపు మీద ఒక్కటి చరిచింది.

పోయాడు. ఊరు దాటాక ఆగి ఉంటాడులే అనుకుంది గుంపు. ఊరు దాటారు, వంతెన దాటారు, ఆ తర్వాతి ఊరూ దాటారు. గోర్కాకు విషయం అర్థమై బూతు లంకించుకునేసరికి ఆలస్యమైపోయింది. ఎలోయ్ బర్రియెంతోస్, బుగ్గన ఇంకా సాసేజీ ముక్కతో, ఒంటరిగా ముగింపు గీత దాటాడు.

గోర్కా వస్తూనే కాలరు పట్టుకున్నాడు. “అమ్మ తోడన్నావు కదరా, దొంగ వెధవా!”

సరిగ్గా అప్పుడే టీవీవాళ్ళ కారు వచ్చి ఆగింది. అంత కన్నీళ్ళ కథను వాళ్ళు ఊళ్ళో వదిలేసి వస్తారా! ఏప్రనుతోనే దిగింది ముసలావిడ.

“చెయ్యి తియ్యవయ్యా! నేనే పొమ్మన్నాను. ఇంత వయసుదాన్ని, నేను చెబితే కాదంటాడా?”

గోర్కా చెయ్యి జారిపోయింది. గుంపు మొత్తాన్ని కనుబొమ్మలతో ఆడించే మనిషి టోపీ తీసి నసిగాడు. “అమ్మ చెప్పాక ఇంకేముంది లెండి.”

“చిన్నప్పుడు కూడా ఇంతేనా అమ్మా?” అని మైకు పెట్టింది టీవీ అమ్మాయి.

“మగపిల్లలంతా ఇంతే తల్లీ. ఒక్కచోట నిలవరు. ఆకలేస్తేనే మనం గుర్తొస్తాం.”

జనం చప్పట్లు కొట్టారు. జట్టు యజమాని కళ్ళొత్తుకుంటూ అందరినీ తోసుకొచ్చాడు. “రేపే కాంట్రాక్టు రాసుకుందాం ఎలోయ్! అమ్మగారినీ తీసుకురా.”

ఎలోయ్‌నూ ముసలావిడనూ వేదిక ఎక్కించారు. అతను పూలగుత్తి ఆవిడ చేతిలో పెట్టాడు. కెమెరాలు టపటపా మెరిశాయి. ఆవిడ వాటికేసి నవ్వుతూనే అతని చెవి పట్టుకుని కిందికి లాగి, గుసగుసగా అడిగింది.

“ఇంతకీ నువ్వెవరి అబ్బాయివి, నాయనా?”