నోరు మూసుకుని పరుగు

“అమ్మాయ్, ఇవాళ ఏం తిని వచ్చావు?”

మైదానంలో మొదటి చుట్టు ఇంకా పూర్తి కాలేదు, ప్రశ్న వచ్చి వీపున తగిలింది.

డ్రిల్లు టీచరు పళ్ళు నూరింది. ఏడో నెల కడుపుతో ఆమె పరుగు నిదానం. లోపలి గీత పట్టుకుని విసవిసా నడిచే ఆ పెద్దావిడ ఎంచక్కా పక్కకు చేరిపోతుంది. చేరి, నోరు విప్పుతుంది.

మైదానంలో నడిచే ఆడవాళ్ళు ఆవిడకు పెట్టిన పేరు రేడియో. ఈ మధ్యే ఎక్కణ్ణుంచో ఊడిపడింది. ఎవరి మనిషో, ఏం చేసేదో ఎవరికీ తెలియదు. అడిగితే ఎదురు ప్రశ్న వేస్తుంది.

“ఏమీ తినలేదు,” అంది టీచరు.

“అయ్యో, ఎందుకని?”

“ఆకలి లేక.”

“నిన్న రాత్రేం తిన్నావు మరి? వరసగా చెప్పు.”

టీచరుకు ఒళ్ళు మండింది. బళ్ళో పిల్లలకు ఆమె చెప్పే మొదటి పాఠమే అది: పరుగులో నోరు మూసుకోవాలి, మాట్లాడితే ఊపిరి దండగ. పెళ్ళికి ముందు పందేలన్నీ అలాగే గెలిచింది. ఇప్పుడీ రేడియో పుణ్యమా అని ప్రతి చుట్టుకూ కబుర్లు చెప్పాలి. చెప్పకపోతే ఆవిడ వదలదు. చెప్పాలంటే వేగం తగ్గించాలి.

ఈ పరుగు ఆమెకు ఊరికే దక్కలేదు. “కడుపుతో ఆ గంతులేంటే!” అని అత్తగారు ఇల్లు పీకి పందిరేసింది. “అలవాటున్నదే కదా, నిదానంగా పరుగెత్తొచ్చు,” అని డాక్టరు చెప్పినా వినలేదు. తర్వాత ఏమనుకుందో ఏమో, ఒకరోజు ఉన్నట్టుండి, “సరే, తగలడు,” అంది. ఏ చిన్న తేడా వచ్చినా ఆ ‘సరే’ వెనక్కి పోతుందని టీచరుకు తెలుసు.

మర్నాడు బూట్లు వేసుకుంటుంటే అత్తగారు అరటిపండు తెచ్చి ముందు పెట్టింది.

“ఖాళీ కడుపుతో పరుగెత్తకు.”

టీచరు చెయ్యి లేసు మీదే ఆగిపోయింది. ఖాళీ కడుపు సంగతి ఆమె ఒక్క రేడియోకే చెప్పింది.

‘ఓహో! ఇల్లు చాలక మైదానంలో కూడా కాపలా పెట్టారన్నమాట. ఉండండి, మీ వేగు పని పడతాను.’

ఆ రోజే పట్టింది.

నడక సంఘం ఆడవాళ్ళు బెంచీ మీద కాళ్ళు చాపుకుని ఉన్నారు. టీచరు వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుని తీరిగ్గా నీళ్ళు తాగింది.

“అక్కా, మీ అబ్బాయి ఉద్యోగం ఊడిందటగా?” అంది బ్యాంకు క్యాషియరుతో.

“ఎవరన్నారు?”

“ఇంకెవరు? రేడియో.”

తర్వాత దర్జీ వైపు తిరిగింది. “మీ కోడలు వేరు కాపురం పెట్టిస్తోందట కదా, పిన్నీ?”

“అదీ ఆవిడేనా?”

టీచరు అవుననలేదు, కాదనలేదు. నిట్టూర్చింది. ఆ సంగతులు ఆమె చెవిన పడింది బళ్ళో. రేడియో ఒక్క ముక్క అనలేదు. అయినా అబద్ధం గొంతులోంచి నున్నగా జారింది.

మర్నాటికి మైదానమంతా గుప్పుమంది. రేడియోను చూసి ఒక్కొక్కరూ మొహం తిప్పుకున్నారు. సంఘం ప్రెసిడెంటు ఎదురెళ్ళింది.

“చూడండమ్మా, మా ఇళ్ళ సంగతులు మోసేవాళ్ళు మాకొద్దు. ఇంకోచోట నడుచుకోండి.”

“నేనేం మోశానమ్మా?”

“మీ మనసుకే తెలుసు.”

ఆవిడ చుట్టూ చూసింది. టీచరు పెదవి మీది నవ్వు దగ్గర చూపు ఆగింది. కోప్పడలేదు.

“అమ్మాయ్, ఇవాళైనా తిని వచ్చావా?”

“ఇన్నాళ్ళూ మీరు నా బుర్ర తిన్నారుగా, చాలదూ?”

బెంచీ మొత్తం ఘొల్లుమంది. ఆవిడ తల పంకించి గేటు దాటింది. టీచరుకు కసి తీరింది.

ఆ మర్నాడు మైదానం తనదే. నోరు మూసుకుంది. కాళ్ళకు పాత పందేలు గుర్తొచ్చాయి. వేగం పెరిగింది. ఇంకా పెరిగింది. అడిగేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళు లేరు.

“ఏంటే, ఇవాళ మహా జోరుగా ఉన్నావు!” అంది క్యాషియరు బెంచీ మీంచి.

జవాబు చెబుదామని నోరు తెరిచింది. మాట రాలేదు. కళ్ళు బైర్లు కమ్మాయి. పొట్ట రాయిలా బిగిసింది.

ఆసుపత్రిలో డాక్టరు చాలాసేపు బిడ్డ గుండె చప్పుడు విని తలెత్తింది.

“గండం లేదు. పరుగులో మాట్లాడగలిగావా?”

“పరుగులో మాటలేంటి, డాక్టర్?”

“అదే కొలత. తడబడకుండా మాట్లాడగలిగినంత వేగమే ఇప్పుడు నీకు మంచిది. మాట ఆగిందంటే వేగం మించినట్టే.”

మంచం పక్కన అత్తగారు గొణిగింది. “ఆవిడ వెళ్తూ వెళ్తూ చెప్పనే చెప్పింది, పిల్లను ఒంటరిగా పరుగెత్తనీకని. నేను లేచేసరికే నువ్వు గేటు దాటేశావు.”

“ఆవిడ... రేడియోనా?”

“రేడియో ఏంటి, నీ మొహం! నీ పరుగు మాన్పించమని నేనే పిలిపించాను. వచ్చి నాకే గడ్డి పెట్టింది. ‘పక్కన నేనుంటాను, దాన్ని పరుగెత్తనీ’ అంటేనే కదా నేను సరే అన్నది.”

“నాకు చెప్పొచ్చు కదా, అత్తయ్యా!”

“నేను పంపానంటే దగ్గరికి రానిచ్చేదానివా?”

టీచరు లేవబోయింది. “ఎక్కడున్నారు? నేనే వెళ్ళి తీసుకొస్తాను.”

“నిన్న సాయంత్రమే బస్సెక్కేసింది. నీ పురుడయ్యేదాకా ఉంటానన్న మనిషి! నీ బూట్లు అటకెక్కించేస్తాను, ఇక వాటి ఊసెత్తకు.”

అత్తగారు కళ్ళు తుడుచుకుంది.

“నీ మొగుడు కడుపులో అడ్డం తిరిగి నా ప్రాణం మీదికొస్తే, ఇద్దర్నీ దక్కించిన డాక్టరమ్మ, అమ్మాయ్, ఆవిడ.”