తుస్సుమన్న తూటా

"మిస్!" దుర్భిణిలో చూస్తూ అరిచాడు హవల్దారు. "భూదేవీ, టార్గెట్‌కు తగలనే లేదు!"

తన తూటాలన్నీ కాల్చేసి పక్కనే బోర్లా పడుకున్న వాసంతికి గుండె గంతులేసింది. క్యాంపస్ ఎన్‌సీసీ నుంచి ఢిల్లీ షూటింగ్ పోటీకి పంపేది ఒక్కరినే. తార్నాక హాస్టల్లో ఒకే గదిలో ఉంటూ, ప్రతిసారీ ఈ భూదేవి వెనక రెండో స్థానంలో మిగిలి కుళ్లిపోతోంది తను. ఇవాళ్టితో ఆ పీడ వదిలినట్టే!

భూదేవి కన్నీళ్లు దిగమింగుకుంటూ రైఫిల్లో ఆఖరి తూటా పెట్టి, బోల్ట్ మూసింది.

అప్పుడు తట్టింది వాసంతికి. ఇందాకటి తూటా ఠాప్‌మని పేలలేదు, తుస్సుమంది. గుండు అసలు బయటికే రాకపోతే?

నోరు మూసుకుంటే ఢిల్లీ తనదే. కానీ ఆ నోరే అరిచేసింది.

"కాల్చకే! గుండు బ్యారెల్ల ఇరుక్కున్నది!"

హవల్దారు రైఫిల్ లాక్కుని, తూటా తీసేసి, బ్యారెల్లోకి చువ్వ దూర్చాడు. అది సగంలోనే ఆగిపోయింది. ఆయన మొహం పాలిపోయింది.

"ఫ్యాక్టరీల మందు సరిగ్గ నింపలే. ఇంకోటి పేల్చుంటే బ్యారెల్ నీ మొఖం మీదనే పగిలేది బిడ్డా! ఈ డబ్బా మొత్తం పక్కన పెట్టుండ్రి. ఆ మిస్ లెక్కల్లేదు, వేరే రైఫిల్‌తోని మళ్ల కాల్చు."

భూదేవి వాసంతి వైపు తిరిగింది. "ఇంతమంది ఉన్నరు. నీ ఒక్కదానికే ఎట్ల తెలిసిందే?"

వాసంతి తల దించుకుంది. "పొద్దుగాల్ల నుంచి నీ ఒక్కో తూటా తప్పాలె, తప్పాలె అనుకుంట చెవులు రిక్కించి ఇంటున్ననే."

భూదేవి ఏడుస్తూనే నవ్వేసింది. "అయితే నా పక్కనుంచి లెవ్వకు. మళ్ల కాలుస్త, గట్లనే కుళ్లుకుంట ఇను."