ఊగే ఇటుక

"ఆ ఇటుక కింద పెట్టండి తాతగారూ. లెక్కపెట్టి పేర్చుకున్నవి."

ముసలాయన వినిపించుకోలేదు. గొడుగు చంకలో ఇరికించుకుని, ఇటుకను చెవి దగ్గర పెట్టుకుని ఎడమ చేతి మధ్యవేలితో తట్టాడు. ఆ వేలు సగమే ఉంది.

"లోపల పగులుంది తల్లీ. కమానులో పెట్టకు, నేలకు వాడుకో."

ఆమె విసుగ్గా ఇటుకను అందుకుంది. ఆయన అటు తిరగ్గానే తానూ తట్టి చూసింది. బొంగురుగా మోగింది.

నాన్న పోయి రెండేళ్ళు. ఆ మరుసటి వానలకే కుండలు కాల్చే బట్టీ కూలిపోయింది. వెనక పొగగొట్టం ఒక్కటే నిలబడింది.

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. పాత బట్టీ కొలతలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించి, ఆ ఇటుకలతోనే మూడు నెలలుగా తన చేతుల్తో మళ్ళీ కడుతోంది.

అన్నయ్య మెకానిక్కు. ఆ జాగాలో షెడ్డు వేసుకోవాలని ఎప్పటినుంచో అతని కోరిక.

"మొదటిసారి కాల్చినప్పుడు కూజాలు నిలిస్తే బట్టీ నీది. లేకపోతే జాగా నాది. తర్వాత ఏడవకూడదు," అన్నాడు.

"నువ్వు కూడా," అంది.

గొడుగు ముసలాయన మాత్రం రోజూ వస్తూనే ఉన్నాడు. కంటి ఆపరేషన్ కోసం వచ్చి, ఆసుపత్రి పక్క లాడ్జిలో ఉంటున్నాడట. టీ కొట్టు దగ్గర అందరూ గొడుగు తాత అంటున్నారు.

"కంటికి కట్టుంది, అయినా అన్నీ కావాలి ఈయనకు," అని ఆమె గొణుక్కునేది.

"కమాను వంపు బాగా వస్తోంది," అన్నాడు ఒకరోజు.

"రాదా మరి. నాన్న కొలతలవి. ఈ బట్టీని నాన్న ఒక్కడే కట్టుకున్నాడు. చిన్నప్పటినుంచీ ఇంట్లో అదే మాట."

ముసలాయన గొడుగు కొనతో నేల మీద ఏదో గీసి, కాలితో చెరిపేశాడు.

"మంచి పనివాడు మీ నాన్న."

"మీకు తెలుసా?"

"ఆయన చేసిన కూజాలో నీళ్ళు తాగాను."

కమాను పూర్తయిన రోజు ఆయన వెనక్కి వెళ్ళి, పొగగొట్టం అడుగున వంగి నిలబడ్డాడు.

"ఇక్కడ కొత్తగా మెత్తావెందుకు?"

"ఒక ఇటుక వదులుగా ఊగుతోంది. మట్టి కూరి బిగించాను."

"తీసెయ్ తల్లీ. ఊగాలనే పెట్టింది అది. గొట్టం చల్లగా ఉంటే పొగను లాగదు. ముందు దాన్ని లాగి, ఆ కంతలో గుప్పెడు గడ్డి వెలిగించి గొట్టాన్ని వేడెక్కించాలి. ఆ తర్వాతే బట్టీకి నిప్పు."

ఆమె పార కింద పడేసింది. పొద్దున్నుంచి నడుము పడిపోతోంది.

"మా నాన్న బట్టీ గురించి మీరు నాకు చెబుతారా? ఆయన నాకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు."

నిజానికి బట్టీ వెలిగించడం నాన్న ఎవరినీ చూడనిచ్చేవాడు కాదు. మంట అందుకున్నాకే పిల్లల్ని పిలిచేవాడు.

ముసలాయన కింద పడ్డ పారను తీసి గొట్టానికి ఆనించాడు.

"నిజమేలే. నాకేం తెలుస్తుంది," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి రాలేదు.

నాలుగు రోజులకు నూట ఇరవై కూజాలు లోపల పేర్చి, పొద్దున్నే పొయ్యి నోట్లో కట్టెలు వెలిగించింది. అన్నయ్య జాగా కొలిచే టేపుతో సహా వచ్చి నిలబడ్డాడు.

పొగ గొట్టంలోకి పోలేదు. తిరిగి ఆమె మొహం మీదికే వచ్చింది. చేటతో విసిరింది, ఊదింది, కట్టెలు మార్చింది. మంట అణిగిపోతోంది.

"చెల్లెమ్మా, చాల్లే. కళ్ళు పోతాయి," అన్నాడు అన్నయ్య. ఎగతాళిగా కాదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

గునపం తీసుకుని వెనక్కి పరిగెత్తింది. మెత్తిన మట్టి పెళ్ళగించి, ఇటుకను లాగి పక్కన పడేసింది. కంతలో గుప్పెడు ఎండుగడ్డి వెలిగించింది.

గొట్టం ఒక్కసారి గుర్రుమంది. ముందువైపు పొగంతా వెనక్కి తిరిగి లోపలికి పోయింది. మంట దాని వెంటే వెళ్ళింది.

అన్నయ్య టేపు జేబులో పెట్టుకుని, కట్టెలు అందించడం మొదలుపెట్టాడు.

బట్టీ చల్లారి తలుపు ఇటుకలు తీసేసరికి మూడో రోజయింది. మూడు కూజాలు పగిలాయి. మిగతావన్నీ గంటల్లా మోగాయి.

"నా షెడ్డుకి ఇంకో చోటు చూసుకోవాలి కాబోలు. ఒక కూజా అయినా ఇస్తావా?" అన్నాడు అన్నయ్య.

"రెండు తీసుకో," అని, అన్నిటిలోకీ మంచిది మాత్రం తాను ఎత్తుకుంది.

టీ కొట్టతను ఆ కూజాను చూసి తల అడ్డంగా ఊపాడు.

"గొడుగు తాత కోసమా? కట్టు విప్పేశారు. నిన్న బస్సెక్కేశాడు."

"ఏ ఊరు?"

"ఎవరూ అడగలేదు."

"పేరైనా?"

"గొడుగు తాత అని పిలిచాం, పలికాడు. మొన్న నీ గొట్టంలోంచి పొగ నిటారుగా లేస్తుంటే ఇక్కడే నిలబడి చూశాడమ్మా. రెండు టీలు తాగాడు."

ఆమె కూజాతోనే తిరిగొచ్చింది.

ఊగే ఇటుక ఇంకా గొట్టం పక్కనే పడి ఉంది. దాని చోట దాన్ని పెట్టేద్దామని, అంటుకున్న మట్టిని నీళ్ళతో కడిగింది.

ఏళ్ళ మసి కింద, లాగడానికి పట్టు దొరికేలా, పచ్చి మట్టిలో నొక్కిన వేళ్ళ గుంటలు బయటపడ్డాయి.

ఆమె తన ఎడమ చేతిని వాటిలో ఆనించి చూసింది. బొటనవేలు, చూపుడువేలు, ఉంగరంవేలు, చిటికెనవేలు లోతుగానే కూర్చున్నాయి.

మధ్యవేలి గుంట మాత్రం సగంలోనే ఆగిపోయింది. నాన్నకు పది వేళ్ళూ నిండుగా ఉండేవి.